ఉత్త ఫ్లాష్

జయరావు చేతిలో పని ఉంది. అది ముందే చెప్పేస్తాను. లేకపోతే కింద అంగడివాడు కడుపుమంటతో చెబుతున్నాడని అనుకుంటారు. చిత్తూరు బజారు వీధిలో ఆయన స్టూడియో మేడ మీద ఉండేది, దాని కిందనే నా ఫ్రేముల అంగడి. మా అబ్బాజాన్ పెట్టిన అంగడి అది. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు, అన్నిటికీ అద్దం వేసి కట్టేది నేనే. నా పేరు సలావుద్దీన్. ఫోటో తీయడం నాకు రాదు. కానీ ఏది మంచి ఫోటోనో ఏది కాదో చిన్నప్పటి నుంచి అద్దం వెనక పెట్టి చూస్తున్నవాణ్ని.

ప్రతి ఆదివారం జయరావు స్టూడియోలో పాఠాలు చెప్పేవాడు. సరదాకి కెమెరా కొనుక్కున్న బ్యాంకు గుమాస్తాలు, బడిపంతుళ్లు, పెళ్లిళ్లకు ఫోటోలు తీసి బతికేవాళ్లు వచ్చి చాపల మీద కూర్చునేవారు. ఆయనది పెద్ద గొంతు. మెట్ల మీదుగా అంతా నా అంగట్లోకి వినిపించేది. ముసలి ముఖాన్ని ఎదురు వెలుగులో తీయొద్దు, కిటికీ పక్కన కూర్చోబెట్టి తీయండి, అప్పుడు ముడతలు మాట్లాడతాయి అనేవాడు. ఎండ ఎక్కువైతే కిటికీకి తెల్ల పంచె కట్టమనేవాడు. వెనక గోడకు నల్ల కంబళి వేలాడదీస్తే ముఖం ఒక్కటే నిలబడుతుందనేవాడు. నవ్వమని ఎవరికీ చెప్పొద్దు, చెబితే పళ్లు కనబడతాయి గానీ నవ్వు రాదు. రీల్లో ఆఖరి బొమ్మ ఒకటి ఎప్పుడూ మిగుల్చుకోండి, అసలైన ఫోటో అంతా అయిపోయినాకనే దొరుకుతుంది. ఇవన్నీ బంగారంలాంటి మాటలే. వాటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

చివర్లో పెళ్లిళ్లకు పోయేవాళ్లను మాత్రం ఆపి ఇంకొక పాఠం చెప్పేవాడు. అదే ఉత్త ఫ్లాష్. పెళ్లిలో ప్రతివాడికీ ఫోటో దిగాలని ఉంటుంది. వంటవాడికీ ఉంటుంది, వంటవాడి బామ్మర్దికీ ఉంటుంది. అందరికీ రీలు ఖర్చు పెడితే మనం అడుక్కు తినాల్సిందే. అందుకని ఫ్లాష్ డబ్బా వెనక ఒక చిన్న మీట ఉంటుంది, అది నొక్కితే మెరుపు మాత్రం వస్తుంది, లోపల రీలు కదలదు. దిగినవాడు సంబరంగా పోతాడు. ఎవరికి ఉత్తది కొట్టాలో ఇంటి యజమానితో ముందే మాట్లాడుకోవాలి. అక్కరలేని మనిషి వచ్చి నిలబడితే ఆయన చెవి గోక్కుంటాడు, అదే గుర్తు. జనానికి మెరుపు చాలబ్బా అని నవ్వేవాడు జయరావు. శిష్యులూ నవ్వేవాళ్లు.

తొంభై ఏడులో, శ్రావణ మాసంలో, ధనంజయ నాయుడి కూతురి పెళ్లి చిత్తూరులో జరిగింది. ఫోటోలకు పోయింది జయరావే. నాయుడిది పలమనేరు దారిలో ఒక పల్లె. చెరుకు తోటలు, పాడి ఆవులు ఉన్న ఇల్లు. అల్లుడికి ఇవ్వడానికి వెంకటేశ్వరస్వామి పటం నా చేతనే కట్టించుకున్నాడు. దాన్ని మోసుకుపోయి నేను అక్కడే భోంచేశాను, కాబట్టి జరిగింది నా కళ్లతో చూశాను.

పెళ్లికూతురు స్రవంతికి తల్లి లేదు. పురిట్లోనే పోయింది. ఆ పిల్లకు నీళ్లు పోసి, అన్నం పెట్టి, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని పెంచింది ఆ ఇంటి పనిమనిషి దేవకమ్మ. స్రవంతి ఆమెను అమ్మా అనే పిలిచేది. తలంబ్రాలు అయిపోయి చుట్టాలంతా వరసగా ఫోటోలు దిగుతుంటే, దేవకమ్మ వంటశాల గుమ్మం దగ్గర నిలబడి చూస్తా ఉంది. స్రవంతే కేకేసి రమ్మంది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కాస్త ఎడంగా నిలబడింది. పిల్ల ఊరుకోకుండా ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరకు లాక్కుంది. బెంగుళూరు వియ్యపురాలు అటే చూస్తోంది. నాయుడు చెవి గోక్కున్నాడు.

మెరుపు మెరిసింది. స్రవంతి కళ్లు నులుముకుంటూ, ఒకటి నువ్వు పెట్టుకో, ఒకటి నేను పెట్టుకుంటానని దేవకమ్మ చెవిలో చెప్పింది. దేవకమ్మ ముఖం ఆ పూట చూడాల్సిందే. పెళ్లికి వచ్చిన నగలన్నీ ఒక ఎత్తు, ఆ ముఖం ఒక ఎత్తు.

పెళ్లి కాగానే నాయుడు ఆమెను పనిలో నుంచి తీసేశాడు. ఇంట్లో సాకాల్సిన పిల్ల లేదు కదా, ఇంక నువ్వెందుకు అన్నాడట. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే అదే. స్రవంతి కాపురానికి పోయిన బెంగుళూరుకు రమ్మని పిలిచేవాళ్లు ఎవరూ లేరు, పిలవనిస్తారా? ఆ పిల్లను తాను పెంచానని చెప్పుకోవడానికి దేవకమ్మకు మిగిలింది ఆ ఫోటో ఒక్కటే. దానికోసం ఒక ఆదివారం బస్సెక్కి స్టూడియోకు వచ్చింది.

ఆ రోజే జయరావు ఆ ఫోటో లేదని చెప్పి ఉంటే సరిపోయేది. రీలు చెడిపోయిందని అబద్ధమాడినా పుణ్యమే. ఆయన అదేమీ చేయలేదు. రీలు ఇంకా కడగలేదమ్మా, కూర్చో అన్నాడు. ఆమె కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంది. పక్క వెలుగు ముఖం మీద పడింది. అది చూసిన క్షణంలో జయరావుకు లోపల ఏదో వెలిగింది. తిరుపతిలో కళాపోషకుల సంఘం ఒకటి ఫోటోల పోటీ ప్రకటించి ఉండింది, ఒకే విషయం మీద ఒక వరస ఫోటోలు పంపాలి. ఆయనకు విషయం దొరికింది. ఎదురుచూపు.

అప్పటి నుంచి ఆమెకు రాజమర్యాదలు. స్టూలు ఎప్పుడూ అదే చోట. వెనక గోడకు నల్ల కంబళి, కిటికీకి తెల్ల పంచె. కెమెరా చీకటి గది తెర వెనక. పైన పంకా గడగడలాడుతుంది కాబట్టి కెమెరా చప్పుడు ఆమెకు వినిపించదు. తనలాంటిదాన్ని స్టూలేసి కూర్చోబెడుతున్నారని ఆమెకు ఎంత సంతోషమో. వచ్చేటప్పుడు వట్టి చేతులతో వచ్చేది కాదు. సీతాఫలాల కాలంలో సీతాఫలాలు, తర్వాత శెనక్కాయలు, చలికాలంలో అనపకాయలు. జయరావు ఇంట్లో అనపగింజల పులుసు తిన్నారు ఆ సంక్రాంతి నెలంతా.

శిష్యులకు ఇది పాఠమైంది. వెలుతురు కిటికీ నుంచి వస్తుంది, ముఖంలోకి వెలుగు మాటతో తెప్పించాలని నేర్పించాడు. ఒక ఆదివారం, ఫోటో ఎంత బాగొచ్చిందనుకున్నావు, పాప చెయ్యి నీ మెడ మీద అట్లే ఉంది అని చెప్పేవాడు. ఆమె ముఖం వెలిగేది. తెర వెనక ఒక శిష్యుడు నొక్కేవాడు. ఇంకొక ఆదివారం, రీలుకు కొంచెం తడి తగిలిందమ్మా, చూడాలి అనేవాడు. ఆ ముఖం వాడిపోయేది. మళ్లీ నొక్కేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆమె మెట్లు దిగి పోయాక పైన నవ్వులు వినబడేవి.

పెద్దవి చేసిన ఫోటోలు కట్టడానికి నా దగ్గరికి తెచ్చినప్పుడు గానీ నాకు సంగతంతా తెలియలేదు. బల్ల మీద పరిచాడు. అల్లా సాక్షిగా చెబుతున్నాను, అంత మంచి ఫోటోలు నేను అంతకు ముందు కట్టలేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. ఇదేం పని అని గట్టిగానే అడిగాను. ఆయనకు కోపం కూడా రాలేదు.

"నేనేమన్నా కొట్టినానా తిట్టినానా సలావుద్దీనూ? స్టూలేసి కూసోబెడతాండా, టీ తాపిస్తాండా. ఫోటో లేదని చెప్పేస్తే ఇంగ ఆ మొకం నాకు యాడొస్తాది?"

పెళ్లిలో ఒక్క బొమ్మ ఖర్చు పెట్టడానికి చెయ్యి రాని ఆ ముఖం మీద రీళ్లకు రీళ్లు పోశాడు మహానుభావుడు.

తర్వాతి ఆదివారం ఆమె మెట్లెక్కకముందే నేను అడ్డంపోయాను. అంగట్లోకి పిలిచి, బెల్లం పాకంలో ముంచకుండా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నీ ఫోటో లేదమ్మా. ఆయప్ప కొట్టింది ఉత్త ఫ్లాష్. మెరుపొస్తాది గానీ ఫోటో పడదు. ఇంగ నువ్వు రావొద్దు."

దేవకమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మెరుపు నేను సూసినాను సాయిబూ. పాప కండ్లు నలుపుకునింది. ఫోటో లేకుండా మెరుపు యాడినుంచి వస్తాది? నీకూ ఆ సారుకూ ఏమన్నా తగువుంటే మీరు మీరు సూసుకోండి."

మెరుపు లేని ఫోటోలు ఆమెవి నా బల్ల కింద దొంతర పెట్టి ఉన్నాయి. ఫోటో లేని మెరుపును పట్టుకుని ఆమె వేలాడుతోంది. అవి తీసి చూపించి ఉండొచ్చు. ఆ ముఖంలో ఉన్న నమ్మకాన్ని చూస్తే నా చెయ్యి బల్ల కిందికి పోలేదు. ఆమె నా అంగడంతా చూసి, గోడకున్న ఒక ఫ్రేమును ఎంచుకుంది. అంచుకు తీగా పూలూ చెక్కిన పసుపు రంగు చెక్క ఫ్రేము. దీన్ని ఎవరికీ ఇయ్యొద్దు, ఫోటో రాంగానే కట్టించుకుంటానని చెప్పి పైకి పోయింది. కాసేపటికి పంకా గడగడలాడింది.

ఎండలు ముదిరేనాటికి తిరుపతిలో ప్రదర్శన పెట్టారు. జయరావుకే మొదటి బహుమతి. ఆయన శిష్యుడొకడు పల్లె బస్సులో దేవకమ్మకు ఎదురుపడి, నీ ఫోటోలు తిరుపతిలో గోడకు పెట్టినారు పో అని వేళాకోళంగా చెప్పాడట. ఆమె ఆ పూటే చిత్తూరుకు వచ్చేసింది. మంచి చీర కట్టుకుంది, తల దువ్వుకుని పూలు కూడా పెట్టుకుంది. నా పటం ఇయ్యి సాయిబూ, ఫోటో వచ్చిందంట, తిరుపతిలో ఉండాదంట అని చెయ్యి చాపింది. నేను ఫ్రేము దించి ఇచ్చాను. ఇచ్చి, అంగడి మూసి, ఆమె వెంట బస్సెక్కాను. ఒంటరిగా పంపడానికి మనసు రాలేదు. దారి పొడుగునా ఆమె ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని కొంగుతో అద్దం తుడుస్తూనే ఉంది. పాప చిన్నప్పుడు అన్నం తినడానికి ఎంత మారాం చేసేదో చెబుతూ ఉంది. నేను కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

హాలు నిండా జనం. ఒక గోడ మొత్తం దేవకమ్మే. కిటికీ వెలుగులో దేవకమ్మ, తల వంచుకున్న దేవకమ్మ, ఆశగా గుమ్మం వైపు చూస్తున్న దేవకమ్మ. కింద పెద్ద అక్షరాలతో ఎదురుచూపు అని రాసి ఉంది. ఆమెకు చదవడం రాదు. మొదటి ఫోటో ముందు నిలబడి సిగ్గుపడింది. రెండోదాని ముందు నవ్వింది. తర్వాత ప్రతి ఫోటోలోనూ తన పక్కన ఖాళీగా ఉన్న నల్లటి చోటును వేలితో తడుముతూ, ఆ వరస చివరిదాకా పోయింది. చివరిదాని దగ్గర ఆగి మళ్లీ మొదటికి వచ్చింది.

జయరావు పెద్దమనుషుల మధ్య ఉన్నాడు. మెడలో పూలమాల, మాల కింద కెమెరా. దేవకమ్మను చూసి ఒక్క క్షణం తత్తరపడ్డాడు. వెంటనే సర్దుకుని, నా ఫోటోల్లో ఉన్నది ఈమే అని అందరికీ చూపించాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఎంత గొప్ప ముఖమమ్మా నీది అన్నాడు ఒకాయన. ఆమె ఆ మాటలు విన్నట్టే లేదు.

"సారూ, నన్ను ఇన్ని తూర్లు తీసినావే. పాప నా మెడ మింద చెయ్యేసింది ఒగటి ఉండాలే. అది యాడుండాది?"

జయరావు నవ్వుతూ, తర్వాత మాట్లాడుకుందాంలే అన్నాడు. ఆమె ఆయన్ను వదిలేసి చుట్టూ చూసి, స్తంభం పక్కన ఉన్న నన్ను పట్టుకుంది.

"సాయిబూ, నువ్వు సెప్పిందే నిజమా?"

ఆమెతో అబద్ధం చెప్పినవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు. నేను తల ఊపాను.

ఆమె ముఖంలో అప్పుడు వచ్చింది ఏమిటో నేను చెప్పలేను. ఆశ పెట్టి, భయం పెట్టి అన్ని నెలలు తెర వెనక నుంచి జయరావు పట్టిన ముఖాల్లో ఏదీ అలాంటిది కాదు. అబద్ధానికి అది రాదు. ఖాళీ ఫ్రేమును ఆమె రొమ్ముకు ఆనించుకుని ఉంది. నేను నిజం చెప్పానే గానీ, పక్కన ఎవరున్నారో మరిచాను. జయరావు చెయ్యి పూలమాల కిందికి పోయింది. కెమెరా కంటికి లేచింది. రీల్లో ఆఖరి బొమ్మ ఎప్పుడూ మిగుల్చుకోవాలని చెప్పేది ఆయనే కదా.

మెరుపు మెరిసింది. ఈసారి లోపల రీలు కదిలిన చప్పుడు కూడా నాకు వినిపించింది. దేవకమ్మ ఆలస్యంగా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఇదన్నా ఉత్తది కొట్టి ఉండకూడదా సారూ" అంది.

జయరావు తల వంచుకుని రీలు వెనక్కి చుట్టుకుంటున్నాడు.