మడత వెనక వడ్డీ

నేను ఒక ఫ్లెక్సీని. అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక అప్పుల కంపెనీ గుమ్మం మీద ఏడాది వేలాడాను. నా ఒంటి నిండా ‘సున్నా వడ్డీకే అప్పు’ అని ఎర్రటి అక్షరాలు, పక్కన నోట్ల కట్ట పట్టుకుని నవ్వే ఒక అమ్మాయి. ఎందుకు నవ్విందో నాకే తెలియదు. అడుగున చీమ తలంత అక్షరాల్లో ఒక లైను: సున్నా మొదటి నెలకే, ఆ తర్వాత నూటికి నెలకు ఆరు రూపాయలు.

అదైనా బయటికి కనిపించిందా అంటే, అదీ లేదు! ఫ్లెక్సీని కర్ర చట్రానికి బిగించేటప్పుడు అంచులు వెనక్కి మడిచి మేకులు కొడతారు. అందుకే ప్రింటర్లు అంచుల్లో ఖాళీ వదులుతారు. కంపెనీ యజమాని కామేశం మాత్రం ప్రింటరు పక్కనే నిలబడి, “ఆ లైను ఇంకా కిందకి దించవయ్యా, అంచు మీదకి,” అన్నాడు. బిగించాక ఆ లైను మడతతో పాటు నా వెనక్కి పోయింది.

వరహాలమ్మ వచ్చింది. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. మొగుడి ఆపరేషనుకి లక్ష కావాలి. చేతిలో ఇంటి కాగితాలు. తెలివితక్కువ మనిషి కాదు సుమా! నా కింద నిలబడి పైనుంచి కిందిదాకా కూడబలుక్కుని చదివాకే లోపలికెళ్లింది.

“నిజంగా వడ్డీ నేదా బాబూ?”

“బోర్డు చదువుకున్నావు కదమ్మా! అందులో ఉన్నదే మా మాట,” అన్నాడు కామేశం.

ఎంత నంగనాచి మాట! అరవాలనిపించింది, నాకు నోరేదీ? ఆమె ఇంగ్లీషు కాగితాల మీద సంతకం పెట్టేసింది.

మొగుడు దక్కాడు. వడ్డీ మాత్రం రెండో నెల నుంచి మీద పడింది. బండి అమ్మినా తీరలేదు. ఆఖరికి ఫిర్యాదు చేస్తే ఒక అధికారి వచ్చాడు. కామేశం నన్ను దింపించి, మేకులు పీకించి, మడత విప్పి చూపించాడు. అధికారి కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

“రాసే ఉంది కదమ్మా. నువ్వు చూసుకోవాలి.”

“మేకులు కొట్టీసి దాసీసినాక ఎలాగ సూసేది బాబూ?”

ఆయన ఫైలు మూసి జీపెక్కాడు. నాకు సిగ్గేసింది.

నన్ను మళ్లీ కంపెనీ గుమ్మానికి ఎక్కించలేదు. తిరగేసి, నా తెల్లటి వీపు మీద నల్లరంగుతో ‘ఈ ఇల్లు వేలం’ అని రాశారు. కింద బాకీ ఎంతో, వేలం ఏనాడో, వరహాలమ్మ పేరు ఇంటిపేరుతో సహా, జానెడేసి అక్షరాలు. ఆమె గోడకే నన్ను మేకులతో కొడుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది, మొగుడు మంచం మీంచి చూస్తున్నాడు.

“అంచు మడవకురోయ్! ఒక్కక్షరం కూడా పోకూడదు,” అని కామేశం రోడ్డు మీంచి కేకేస్తున్నాడు.