కేక లేనిదే లేవని రాయి

బిందె నెత్తిన ఉండగానే కేకక్క వదినను ఆపేశారు. చెరువొడ్డున కొత్త బంగళా కట్టుకున్న పెద్దమనిషి పడక కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి ఊపాడు.

"ఆ నీళ్లు గడ్డి మీద పొయ్యమ్మా. ఇవాళే పరిచాం, తడి ఉండాలి."

కావలివాడు బిందె లాక్కుని వంచేశాడు. వెనకున్న బస్తీకి తాగడానికి ఆ చెరువే గతి, చెరువుకు ఆ ఒక్కటే దారి. దాని మీద గడ్డి పరిచి, 'ఆరుబయట జీవనం' అని పేరెట్టుకుని మురిసిపోతున్నాడు మహానుభావుడు. బస్తీ జనం పుట్టిన దగ్గర్నుంచీ ఆరుబయటే బతుకుతున్నారు. వాళ్లకెవరూ డిజైన్ గీసివ్వలేదు పాపం.

ఇదంతా కేకక్క చూసింది. రాళ్లు మోసే ముఠాకు కేకిచ్చేది ఆమే. ఆమె "ఐలెస్సా" అంటే ముఠా మొత్తం "ఐలెస్సా" అంటుంది, ఆ ఊపుకే రాయి లేస్తుంది. వదిన ఖాళీ బిందెతో వెళ్లిపోతుంటే కేకక్కకు ఒళ్లు మండింది. ఆ గడ్డి పరిచింది తన చేతులతోనే.

ఆ తోటకు నమూనా గీసిచ్చిన డిజైనరమ్మ చెరువు కేసి చూసి, నల్ల కళ్లద్దాలు సర్దుకుంది.

"గేటు దగ్గర దించిన రాతి బెంచీ తెచ్చి దారికి అడ్డంగా వెయ్యండి. వ్యూ నిండుగా ఉంటుంది, బిందెలవాళ్ల గోలా ఉండదు."

ముఠా గేటు దగ్గర రాయి చుట్టూ చేరింది.

"మనం మొయ్యకపోతే ఇంకో ముఠా మోస్తుంది," అన్నాడు బాబాయ్.

"మోస్తే రేపు మా వదిన, అదే మీ కోడలు, బిందె ఎక్కడ ముంచుద్ది?" అంది కేకక్క.

"పని పోతే ఏం తింటామే?"

"నీళ్లు లేకుండా ఏం వండుకుంటాం బాబాయ్?"

ఎవరూ ఏమీ తేల్చలేదు. అలవాటుగా రాయి మీద చేతులు పడ్డాయి, అలవాటుగా కేకక్క గొంతెత్తింది. అంతే, పెద్దమనిషి చెవులు మూసుకున్నాడు.

"ఏంటా అరుపులు? అతిథులొచ్చే వేళ. గప్‌చుప్‌గా ఎత్తండి."

కేకక్క ముఠా కేసి చూసింది. "అయ్యగారు చెప్పారుగా. నోళ్లు మూసుకోండర్రా."

మూసుకున్నారు. కేక లేకపోతే ఎవడి ఊపు వాడిదే. రాయి కదిలితే ఒట్టు. కార్లు వచ్చాయి, అతిథులు దిగారు, రాయి అక్కడే ఉంది. పెద్దమనిషి చెమటలు తుడుచుకున్నాడు.

"సరే, అరిచి చావండి."

"గొంతు పోయిందయ్యా. దారి వదిలితే వస్తుంది," అంది కేకక్క.

ఆయన ఫోన్ తీశాడు. పోలీసు జీపు పరుగున వచ్చింది. బస్తీకి నీళ్లు ఆగిపోతే రాని జీపు, ఒక బెంచీ ఆగిందని వచ్చింది. లోపలికొచ్చి, కేకక్కను ఎక్కించుకుని గేటు వైపు తిరిగింది.

అప్పుడు బాబాయ్ గొంతు పగిలింది. "ఐలెస్సా."

గచ్చు పనివాళ్లు, మొక్కల పనివాళ్లు, బిందెతో తిరిగొచ్చిన వదిన, ఆమె వెనక బస్తీ, అందరూ అందుకున్నారు. రాయి లేచింది. లేచి, గేటుకు అడ్డంగా, జీపు ముందు దిగింది. వెనకాల ఆడవాళ్లు కొత్త గడ్డి తొక్కుకుంటూ చెరువులోకి దిగిపోతున్నారు.

"తియ్యండ్రా దాన్ని," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బాబాయ్ తలపాగా విప్పి, రాయి మీద పరుచుకుని కూర్చున్నాడు.

"పెట్టడానికైతే నా గొంతు సరిపోయింది బాబూ. తియ్యాలంటే కేకక్క కావాలి. ఆవిడ మీ జీపులో ఉంది."