మూడో పిన్ను

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో తెలుగు క్రైస్తవ సహవాసానికి, మైకుల గొంతులన్నీ కలిపి స్పీకర్లకి పంపే మిక్సరు కావలసి వచ్చింది. పాతది ఒక ఆదివారం ఆరాధన మధ్యలో చిటపటలాడి ఆగిపోయింది. సుందర్ రాజు ఆ సహవాసానికి పాస్టరు. వారమంతా కోళ్ళ ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, ఆదివారం వాక్యం చెబుతాడు. పెళ్ళికి ముందు నరసాపురం చుట్టుపక్కల మైకు సెట్టు తిప్పినవాడు గనక మిక్సరు కొనే పని ఇంకెవరికీ అప్పజెప్పలేదు.

కారు డిక్కీలో పట్టేంత చిన్నది కావాలన్నాడు. ఆదివారం అద్దె హాల్లో అందరి గొంతుల్నీ మొయ్యాలి. మిగతా రోజుల్లో ఇంటి గ్యారేజీలో కూతురు జాక్లిన్ పాడే కీర్తనల్ని రికార్డు చెయ్యాలి. తెర చూసుకుంటూ నొక్కుకునే డిజిటల్‌వి వద్దన్నాడు. పాట మధ్యలో ఎవరైనా గొంతు పెంచితే చెయ్యి తిన్నగా ఆ గొంతు మీట మీదికే పోవాలంటాడు.

ఊళ్ళో షాపులో భార్య విక్టోరియాకి ఒకటి నచ్చింది. కొత్తది, తేలికది, గోడకి గుచ్చే చిన్న అడాప్టరుతో నడుస్తుంది. సుందర్ రాజు దాని మీట ఒకటి పైకీ కిందికీ జరిపి చూశాడు.

"ప్లాస్టిక్కు. పిల్లలాడుకునే కారు స్టీరింగులా ఉంది."

"వారంటీ ఉందండీ."

"వారంటీ పాట పాడుద్దేంటే?"

మర్నాడు ఫోన్‌లో చూసిన ప్రకటన పట్టుకుని ముగ్గురూ పడమటికి బయల్దేరారు. ఓకీ అనే ఊరు దాటాక అంతా నల్లరేగడే. జొన్న కోసేసిన మోళ్ళు వరసగా ఉన్నాయి. గాలి లేదు. కెవిన్ అనే ముసలి రైతు రేకుల షెడ్డులోకి తీసుకుపోయి గోనెపట్టా లాగాడు. కింద ఉంది మిక్సరు. ఇనప ఒళ్ళు, పక్కలకి చెక్క, చేతికి నిండుగా తగిలే మీటలు. తను పబ్బుల్లో పాడిన రోజుల్లో వాడాననీ, తరవాత దాని జోలికి ఎవరూ పోలేదనీ చెప్పాడు.

కెవిన్ ప్లగ్గు పెట్టి మైకు తగిలించాడు. సుందర్ రాజు హెడ్‌ఫోన్ పెట్టుకుని జాక్లిన్‌ని పాడమన్నాడు. ఆ పిల్ల రెండు చరణాలు పాడింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

"గొంతులో ఊపిరి కూడా వినపడతంది. కొత్తదాంట్లో ఇది రాదు."

విక్టోరియా మిక్సరు వెనక్కి వెళ్ళి చూసింది. కరెంటు తీగ లోపలికి పోయే చోట రబ్బరు కొరికినట్టుంది. కెవిన్ దాన్ని ఎత్తి ఒక పక్కకి వంచితే కన్నాల్లోంచి గింజల పొట్టూ ఎలుక పెంటా రాలాయి.

"ఎలుకలు విరగబడిన ఏడు మా ట్రాక్టరు తీగలే తినేశాయి," అన్నాడు కెవిన్. "జనంలో వాడేముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించి, ప్రమాదం లేదని ట్యాగ్ వేయించుకో, మేట్."

"తప్పకుండా," అన్నాడు సుందర్ రాజు.

డబ్బిచ్చి, మిక్సరు డిక్కీలో పెట్టి కారెక్కాక నవ్వాడు. "ట్యాగంట. మన మైకు సెట్టుకి ఎవడేశాడు ట్యాగు? తీగ చివరలు ఒలిచి అగ్గిపుల్లలతో గుచ్చి పండగలు చేసినోళ్ళం."

హాలు ఊరి చివర ఉంది. చెక్క హాలు, పాత వైరింగు. మిక్సరూ స్పీకర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించి స్విచ్చి వేశాడు. స్పీకర్లు గుయ్యిమన్నాయి. తీగలు మార్చాడు, చోటు మార్చాడు. ఆ గుయ్యిమనే మోత పోలేదు. చివరికి బోర్డు ప్లగ్గు ఊడదీసి, దాని మూడో పిన్నుని, అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపేసే ఎర్తు పిన్నుని, పట్టకారుతో పట్టుకుని అటూ ఇటూ వంచాడు. అది విరిగింది. ప్లగ్గు మళ్ళీ గోడకి పెడితే హాలు నిశ్శబ్దమైంది.

"చూశావా?" అన్నాడు విక్టోరియాతో.

"అది విరిచెయ్యొచ్చాండీ?"

"మా సెట్టుకి అసలు ఎర్తే లేదు. ఏమైంది నాకు?"

వాళ్ళ సహవాసంలో చెప్పులు వాకిట్లో విడిచి ఆరాధనకి వస్తారు. ఆ ఆదివారం జాక్లిన్ వట్టి కాళ్ళతో నిలబడి మైకు అందుకుంది. మొదటి మాటకే పెదవి వెనక్కి తీసుకుంది.

"డాడ్, దిస్ మైక్ ఈజ్ బైటింగ్ మీ."

"పాడమ్మా, పాడు."

ఆమె తరవాత, దేవుడు తనకి చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యానికి జ్ఞానప్రసూన లేచింది. ఆసుపత్రిలో నర్సు, పెద్దామె. మైకు పట్టుకోగానే ఉలిక్కిపడి వేళ్ళ వైపు చూసుకుంది.

"అయ్యగారూ, నా వేళ్ళలోంచి ఏదో పాకుతోంది. భుజం దాకా వచ్చింది."

హాలంతా స్తోత్రం అంది. ఆమె ఏడుస్తూ మోకరించింది. సుందర్ రాజు కళ్ళు ఒకసారి గోడ ప్లగ్గు మీదికి పోయి వచ్చాయి.

"పరిశుద్ధాత్మ స్పర్శమ్మా," అన్నాడు.

పై వారం మైకు కోసం వరస కట్టారు. ఆ పై వారం బ్రిస్బేన్ నుంచి రెండు కార్లు వచ్చాయి. ఇంత మందిని ఆ హాలు ఎప్పుడూ చూడలేదు. సుందర్ రాజు ప్రసంగం కూడా మారింది. వాక్యం తగ్గి, మైకు పట్టుకున్నవాళ్ళ మాటలు పెరిగాయి. ఒక్క సంగతి విక్టోరియా గమనించింది. అందరినీ మైకు పట్టుకోమనే మనిషి, తను మాట్లాడేటప్పుడు మాత్రం జేబురుమాలు చుట్టి పట్టుకుంటున్నాడు. బూట్లు విప్పడం లేదు.

"కాళ్ళు చల్లబడుతున్నాయే," అన్నాడు అడిగితే.

"ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామండీ."

"వాడొస్తే ముందు ఎర్తు పెట్టేస్తాడు. మళ్ళీ గుయ్యిమంటది."

"అంటే అననివ్వండి."

"రికార్డింగు పాడైపోద్దే. ఇప్పుడిప్పుడే జనం వస్తున్నారు, ఊరుకో."

తరవాత వానలు పట్టుకున్నాయి. ఊరున్న కొండ మీద పొగమంచు దిగి మధ్యాహ్నమైనా లేవడం లేదు. హాలు చెక్కలు ఉబ్బాయి. మైకు కాటు మునుపు పెదవి దగ్గర ఆగేది, ఇప్పుడు మణికట్టు దాటుతోంది. ఒకామె చేతిలోంచి మైకు ఎగిరిపోయి, ఆమె కింద పడింది. ఆమె లేచి నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

జాక్లిన్ బాప్తిస్మం ఆ వానల్లోనే పెట్టుకున్నారు. హాలు వెనక గడ్డిలో, పశువులు నీళ్ళు తాగే ఇనప తొట్టి తెచ్చి దింపారు. ట్యాంకు నీళ్ళు నింపితే పొంగి చుట్టూ బురదైంది. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు నీళ్ళలో నిలబడి సాక్ష్యం చెప్పడం వాళ్ళ పద్ధతి. ఆ సాక్ష్యమూ వెంటనే పాడే పాటా రెండూ రికార్డు కావాలని సుందర్ రాజు మిక్సరుని వరండాలోకి తెచ్చాడు. మైకు తీగ గడ్డి మీదుగా తొట్టి దాకా లాగాడు.

విక్టోరియా వరండా మెట్ల మీద ఆయన్ని ఆపింది.

"పిల్ల నీళ్ళలో ఉంటుందండీ. మైకు వద్దు."

"సాక్ష్యానికి మాత్రమే. అర నిమిషం. మైకు వెనక్కి తీసుకున్నాకే నీళ్ళలో ముంచుతా."

"నాకు భయంగా ఉంది."

"అందరూ చూస్తున్నారు, విక్టోరియా."

ఆయన బూట్లు విప్పి తొట్టిలోకి దిగాడు. నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చాయి. జాక్లిన్ తెల్లబట్టలతో తొట్టి పక్కకి వచ్చి నిలబడింది. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. జ్ఞానప్రసూన మైకుని పువ్వులా రెండు చేతులతో పట్టుకుని తెస్తోంది. పాట మొదలైంది.

విక్టోరియా జనాన్ని దాటి వచ్చి ఆ మైకు లాక్కుంది.

"అమ్మగారూ!" అంది జ్ఞానప్రసూన.

"నేను చెబుతాను సాక్ష్యం. నా కూతురి కంటే ముందు నేను." ఆమె గొంతు స్పీకర్లలో మోగింది. పాట ఆగింది. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, ఒక చెప్పు విడిచి, ఆ కాలు తొట్టి అంచు పైకి ఎత్తింది. "ఆత్మే కదండీ? దిగుతున్నాను."

సుందర్ రాజు ముఖం పాలిపోయింది.

"వద్దు! దిగొద్దే! కరెంటది, చచ్చిపోతావ్!"

ఆమె చేతిలోని మైకు ఆయన నోటి ముందే ఉంది. ఆ మాట హాలు మీదుగా, రోడ్డు మీదుగా, అవతలి పొలం దాకా వెళ్ళింది. పొలంలో మేస్తున్న ఆవులు తలెత్తాయి.

జ్ఞానప్రసూన తన అరచేతుల్ని తిప్పి చూసుకుంది.

"యూ న్యూ, డాడ్? నీకు ముందే తెలుసా?" అంది జాక్లిన్.

ఆయన జేబురుమాలు కోసం తడుముకున్నాడు. విక్టోరియా ఆ వట్టి కాలు వెనక్కి తీసి బురదలో పెట్టింది. ఏదో చెప్పబోయింది. స్పీకర్లలోంచి మాట రాలేదు, ఒక గరగర వచ్చింది. ఆమె వేళ్ళు మైకు చుట్టూ బిగిశాయి. మెడ నరాలు లేచాయి. మైకు వదలదేమిటా అని చూస్తున్నవాళ్ళు అనుకున్నారు. వదలలేకపోతోందని ఒక్క సుందర్ రాజుకే అర్థమైంది.

"ముట్టుకోకండి ఎవరూ!" అని అరుస్తూ తొట్టిలోంచి దూకి, జారిపడి, లేచి వరండాకి పరుగెత్తాడు. జాక్లిన్ తల్లి వైపు చెయ్యి చాచింది. జ్ఞానప్రసూన ఆ పిల్లని నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఆయన గోడ దగ్గరికి చేరి ప్లగ్గు పీకాడు.

గరగర ఆగింది. విక్టోరియా కూలబడింది. మైకు బురదలో పడింది.

జ్ఞానప్రసూన మోకాళ్ళ మీద కూర్చుని విక్టోరియా మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. చాలాసేపు పెట్టింది. తరవాత గుండెల మీద చెవి ఆనించింది.

"కొట్టుకుంటోంది. కానీ సరిగ్గా లేదు. ఆంబులెన్స్‌కి చెయ్యండి. ఇప్పుడే!"

విక్టోరియా కళ్ళు తెరిచే ఉన్నాయి. వేళ్ళు మైకు పట్టుకున్నట్టే వంగి ఉండిపోయాయి. జాక్లిన్ వాటిని ఒక్కొక్కటే తెరవబోతోంది, అవి మళ్ళీ ముడుచుకుంటున్నాయి.

సుందర్ రాజు వచ్చి వంగాడు.

"డోంట్ టచ్ హర్," అంది జాక్లిన్.

ఆయన వెనక్కి జరిగాడు. ప్రార్థన చేద్దామని చేతులు ఎత్తాడు. ఎవరూ కళ్ళు మూసుకోలేదు. వాకిట్లో జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. బ్రిస్బేన్ కార్లు ఒకటి తరవాత ఒకటి స్టార్టయ్యాయి. కొండ మీది పొగమంచులోంచి ఆంబులెన్స్ మోత వినిపిస్తోంది గానీ అది ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు.