పొదిలి దాటిన తెల్ల బండి

"ఏం అల్లుడూ, ఆ ఫోను జేబులో పెట్టు. పాస్టరుగారు ప్రార్థన చేసేటప్పుడు గూడా ఒక కన్ను దాంట్లోనే పెట్టినావు. అందరూ కండ్లు మూసుకుంటే నువ్వొక్కడివే తెరిచినావు. నేను చూడలేదనుకున్నావా?"

"మరి కండ్లు మూసుకుని నువ్వెట్ల చూసినావు మామా?"

మాటకు మాట అంటించాడు. అందుకే వాడంటే నాకు ఇష్టం. జోసెఫ్ మా తమ్ముడి కూతురు రమ్య మొగుడు. హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు. వాళ్ళ పాపను చర్చిలో దేవునికి ప్రతిష్ఠించే ఆదివారమని వచ్చాడు. భోజనాలయ్యాక షామియానా నీడలో ఇద్దరం కుర్చీలు లాక్కున్నాం. పొద్దున్నుంచి కనిపించినవాళ్ళందరూ "మీ మామ భలే పని చేసినాడబ్బా" అని వాడి చెవిలో వేస్తున్నారు. ఏం చేశానో వాడికి తెలియదు.

"చెప్పు మామా, ఏంది ఆ పని?"

"చెప్తా. నువ్వు సెంట్రింగ్ మేస్త్రీవి కదా, నీ బుర్రకు గూడా సపోర్టు కర్రలు పెట్టుకుని విను."

మొదలుపెట్టాను.

తర్లుపాడు రోడ్డు పక్కన మా పలకల ఫ్యాక్టరీ. నేను లోడింగ్ హమాలీని. నా పెళ్ళాం పిచ్చమ్మ, రమ్య, ఇంకో ఇరవై మంది ఆడవాళ్ళు పలకలు అరగదీసి చెక్క ఫ్రేములు బిగిస్తారు. ఆ ఇరవై ఇద్దరికీ ఒక మరుగుదొడ్డి ఉంది. తలుపు మీద జడేసుకున్న అమ్మాయి బొమ్మ కూడా ఉంది. ఎండకు ఆ బొమ్మ వెలిసిపోయింది గానీ ఏ ఆడమనిషీ ఆ గుమ్మం తొక్కలేదు. లోపల నలభై కట్టల ఫ్రేములు. బయట తాళం. తాళంచెవి సూపర్‌వైజరు అంకన్న మొలతాడుకి.

మరి ఆడవాళ్ళు? వెనకాల రాతి తుక్కు గుట్ట ఉంది, దాని చాటుకు పోయేవాళ్ళు. నిరుడు గుట్ట అవతల ప్లాట్ల వెంచరు వేశారు. ఎప్పుడు చూసినా కొలతల వాళ్ళు, కార్లు, రంగు జెండాలు. ఆ చాటు కూడా పోయింది. అప్పటి నుంచి ఆడవాళ్ళు ఒకటే ఉపాయం కనిపెట్టారు. పొద్దున ఇంట్లో బయలుదేరింది మొదలు సాయంత్రం ఇల్లు చేరేదాకా మంచినీళ్ళు ముట్టరు. మార్కాపురం ఎండలో, రాతి దుమ్ములో.

"రమ్యకు అప్పుడు ఐదో నెల," అన్నాను.

జోసెఫ్ కుర్చీలో సర్దుకున్నాడు.

ఒకరోజు పలకల మధ్యనే ఒరిగిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకుపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు, సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ మా మీద విరుచుకుపడింది. "నీళ్ళు బాగా తాగాలి, వస్తే ఆపుకోకూడదు. ఇంకోసారి ఇట్ల జరిగితే బిడ్డకు ప్రమాదం."

"నాకు చెప్పలేదు," అన్నాడు జోసెఫ్ మెల్లగా.

"చెప్తే నువ్వు బస్సెక్కి వస్తావని చెప్పలేదు. నోరు మూసుకుని విను."

పిచ్చమ్మ పోయి ఓనరు మోహన్‌కృష్ణ సారును అడిగింది. ఆయన చెడ్డగా మాట్లాడడు, ఎప్పుడూ నవ్వుతాడు. "దొడ్డి ఉంది కదమ్మా, సరుకు తగ్గినాక తీపిస్తా. అంతదాకా మీ రమ్యను ఇంటికాడ రెస్టు తీసుకోమను," అన్నాడు. అంటే పని మానేయమని. రమ్య మానేస్తే ఆ చోట ఇంకో అమ్మాయి కూర్చుంటుంది. ఉంటే బిడ్డకు గండం. సంగతి అదీ.

"కంప్లైంట్ పెడదాం," అంది పిచ్చమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ. "నువ్వు మొదట సంతకం పెట్టు. ఆ కట్టలు మోసేది నువ్వే కదా."

"సంతకమా? నేనా?" అన్నాను. "మేక సంగతి మర్చిపోయినావా?"

జోసెఫ్‌కి మేక సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. వెనకటికి యర్రగొండపాలెంలో ఒక మేక దొంగతనం కేసులో సరదాకి సాక్షి సంతకం పెట్టాను. నాలుగేళ్ళు వాయిదాలకు తిరిగాను. మేక ముసలిదై చచ్చింది, కేసు మాత్రం గడ్డి మేస్తూనే ఉంది. ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను, పెళ్ళి రిజిస్టరులో తప్ప ఎందులోనూ సంతకం పెట్టనని. పెళ్ళి అప్పటికే అయిపోయింది కాబట్టి ఆ భయమూ లేదు.

పిచ్చమ్మ పెరుగు వేస్తూ నిట్టూర్చింది. "ఏం జేస్తాం. ఆ పొదిలి ఆయన ఫోన్ వస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు."

పొదిలి ఆయనంటే టీ కొట్టాయన. తనిఖీ చేసే ఆఫీసర్లు ఒంగోలు నుంచి రావాలంటే పొదిలి మీదుగానే రావాలి. తెల్ల సర్కారు బండి కొట్టు దాటితే ఆయన మా సారుకు ఫోన్ కొడతాడు. ఇంకో గంటలో ఇక్కడుంటారన్నమాట. ఆ గంటలో మేము నలభై కట్టలూ షెడ్డులోకి మోసి, బ్లీచింగు చల్లి, డ్రమ్ముకు నీళ్ళు పట్టి, కొత్త సబ్బు పెడతాం. ఆఫీసరు ఫోటో తీసుకుని పోతాడు. సాయంత్రం కట్టలు మళ్ళీ లోపలికి. సబ్బు అంకన్న ఇంటికి.

ఆ నిట్టూర్పు నా బుర్రలో దీపం వెలిగించింది అల్లుడూ. మర్నాడు రేకుపెట్టెలో బనీను వెతుకుతుంటే పిచ్చమ్మ పాత బటన్ ఫోను చేతికి తగిలింది. అదృష్టం చూడు, ఛార్జింగు నిండుగా ఉంది! జేబులో వేసుకుని తుక్కు గుట్ట వెనక్కు పోయి, ముక్కు పట్టుకుని, మోహన్‌కృష్ణ సారుకు కలిపాను.

"సారూ, నేను పొదిలి. తెల్ల బండి దాటింది."

"ఇది ఏం నెంబరు?"

"నా ఫోను పాలగిన్నెలో పడింది సారూ. ఇది మా బామ్మర్దిది."

నేను గుట్ట దిగేసరికి ఫ్యాక్టరీ అదిరిపోతోంది. "శ్యాంసన్! యాడ సచ్చినావురా! కట్టలు తియ్ కట్టలు!" అని అంకన్న అరుస్తున్నాడు. నలభై కట్టలు మోశాం. బ్లీచింగు, డ్రమ్ము, సబ్బు. తాళం ఊడింది.

ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోయొచ్చారు. రమ్య బయటికి వచ్చి, బిందె దగ్గర నిలబడి, లీటరు సీసా నింపుకుని, అందరూ చూస్తుండగా ఎత్తి గటగటా తాగింది. తాగి సీసా తలకిందులు చేసి చూపించింది. తోటి పనామె రాములమ్మ చప్పట్లు కొట్టింది. నాకెందుకో కళ్ళల్లో దుమ్ము పడింది.

ఆఫీసరు రాలేదు. సాయంత్రం కట్టలు మళ్ళీ లోపలికి. ఎవరు మోశారు? నేనే. ఇంటికి పోయి నడుముకు జిందా తిలిస్మాత్ రుద్దమంటే పిచ్చమ్మ రుద్దుతూ ఒకటే నవ్వు.

"ఎందుకే నవ్వుతావు?"

"ఏం లేదులే. ఆ ఫోను జేసినోడు దొరికితే బాగుండు, వానితోనే మోపియ్యాల."

గురువారం మళ్ళీ కొట్టాను. ఆ పై మంగళవారం ఇంకోసారి. మూడోసారి కూడా ఎవరూ రాకపోయేసరికి మోహన్‌కృష్ణ సారు నవ్వు పోయింది. అసలు టీ కొట్టాయనకు ఫోన్ చేసి తిట్టాడు. "నాతో ఆటలాడతాండావా? ఇంకోసారి ఫోన్ జేసినావంటే నీ కొట్టు ఉండదు!" పాపం ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఆ రోజు నుంచి కట్టలు కదలలేదు. తలుపు తెరుచుకోలేదు. రమ్య సీసా మళ్ళీ ఖాళీగానే ఉంది.

నా ఆట అయిపోయిందనుకున్నాను. పది రోజులు పోయాక పిచ్చమ్మ నా పక్కన చేరి గుసగుసగా చెప్పింది.

"ఏమయ్యా, రేపు కంభం నుంచి రాములమ్మ చెల్లెలు వస్తది. బళ్ళో నాటకాలేసిన మనిషి. ఆఫీసరమ్మ లాగా వచ్చి సారును ఆడుకుంటది. నువ్వు ముందుకొచ్చి కట్టల సంగతంతా సాక్షి లాగా చెప్పాల. నవ్వినావో, అంతా పాడైపోతది."

"నాకా చెప్తావు! నేను నవ్వితే నా పేరు మార్చుకుంటా."

మర్నాడు పదకొండు గంటలకు ఒక ఆటో వచ్చి ఆగింది. నలభై ఏళ్ళ మనిషి దిగింది. నేత చీర, చంకలో ఫైలు, ముక్కు మీద కళ్ళజోడు. సరిగ్గా దించేసింది! ఒక్క లోపం, జీపు దొరకలేదు పాపం.

"నమస్తే ఆఫీసరమ్మా! కంభం చెరువు నిండిందా?" అన్నాను కన్ను గీటి.

"నేను కంభం నుంచి రాలేదండి. ఒంగోలు."

"ఆహా! అట్లనే చెప్పాల. గొంతు గూడా బాగా పెట్టినావమ్మా."

ఆమె నన్ను ఒక చూపు చూసి లోపలికి నడిచింది. అంకన్న పరిగెత్తాడు, మోహన్‌కృష్ణ సారు బయటికి వచ్చాడు. ఆమె కార్డు చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏ జెరాక్స్ షాపులో చేపిచ్చినారమ్మా ఇది? మూడుసార్లు ఫోన్లు, ఇప్పుడు మనిషినే దింపినారా? ఏ డ్రామా కంపెనీ మీది?"

నాకు పొట్ట చెక్కలవుతోంది. ఓనరు కూడా కనిపెట్టేశాడే! అయినా ఆమె చలించలేదు. ఎంత నటన!

"ఆ గది తాళం తీయండి."

"తియ్యను. పో."

"తాళం తీయడానికి నిరాకరించారు," అని పైకి చదువుతూ రాసుకుంది. తర్వాత మా వైపు తిరిగింది. "ఈ గది గురించి ఎవరైనా చెప్తారా?"

పిచ్చమ్మ నా వీపు మీద ఒక పోటు పొడిచింది. ముందుకు దూకాను.

"నేను చెప్తా రాసుకో తల్లీ! అది దొడ్డి గాదు, ఫ్రేముల గోడౌను. నలభై కట్టలు. బండి పొదిలి దాటిందని ఫోనొస్తే బయటికి మోస్తా, సాయంత్రం లోపలికి మోస్తా. ఇదిగో నా భుజం చూడు, కాయ గాసింది. మా ఆడోళ్ళు నీళ్ళు తాగరు. మా రమ్య కడుపుతో ఉండి ఇక్కన్నే పడిపోయింది. ఎవుడు జవాబు చెప్తాడు?"

చివరి మాట నటన కాదు అల్లుడూ. అది లోపలి నుంచి వచ్చింది. ఆడవాళ్ళు చేతుల్లో పలకలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. ఆమె అంతా రాసి, చదివి వినిపించింది. "సంతకం పెడతారా?"

"ఒకటి సాల్తదా, రెండా?" అన్నాను. ఎస్. శ్యాంసన్ అని పెద్దగా చేశాను. కింద రెండు గీతలు కొట్టాను. పక్కన ఊరు పేరు కూడా రాశాను.

పెన్ను తిరిగి ఇస్తున్నానో లేదో, గేట్లోకి తెల్ల జీపు వచ్చింది. ముందు సర్కారు బోర్డు. డ్రైవరు దిగి సెల్యూట్ కొట్టాడు. "మేడమ్, పంక్చరు వేయించినా."

మోహన్‌కృష్ణ సారు ముఖం మా పలకలాగా నల్లబడింది. నా ముఖం సుద్దముక్క అయింది. అప్పుడే అంకన్న ఫోను పట్టుకుని వచ్చాడు. "సారూ, ఆ పొదిలాయన. నిజంగానే బండి వస్తాందని గంట ముందు చెప్పబోతే మీరు తిట్టి పెట్టేసినారంట."

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరమ్మ మెల్లగా కళ్ళజోడు సర్దుకుంది. "ఈ శ్యాంసన్‌ను గానీ, ఈ ఆడవాళ్ళల్లో ఎవర్ని గానీ పనిలోంచి తీస్తే, ఎందుకు తీశారో నాకు రాసివ్వాలి. ఇప్పుడు తాళం."

అంకన్న మొలతాడుకు కట్టిన తాళంచెవి ముడి ఎంత లాగినా ఊడి రాలేదు. ఆఖరికి మొలతాడే తెంపాడు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఒక చేత్తో తాళం తీశాడు. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు ఒక్కసారి నవ్విన నవ్వు వెంచరులో కొలతలు వేసేవాళ్ళకు కూడా వినపడింది. నలభై కట్టలూ చివరిసారిగా మోశాను. ఒక్కటీ బరువు అనిపించలేదు.

నోటీసు వచ్చింది. నలభై రోజుల్లో పక్కన రెండోది కట్టారు, లోపల కుళాయి పెట్టారు. బయటి తాళం పోయి లోపలివైపు గడియలు వచ్చాయి. రమ్య ప్రసవం ముందు నెల దాకా పని చేసింది, సీసా పక్కన పెట్టుకుని. అదిగో నీ కూతురు, మూడు కిలోల పైన పుట్టింది.

జోసెఫ్ చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "అయితే ఆ ఆఫీసరమ్మ ఎట్ల వచ్చింది మామా?"

"మీ అత్తా వాళ్ళూ పిలిచినారు. నేను రెండోసారి ఫోన్ కొట్టినాక, సోమవారం, రాములమ్మ వాళ్ళ ఇంట్లో దినమని సగం రోజు సెలవు పెట్టి, ఇరవై ఇద్దరూ సబ్‌కలెక్టరు ఆఫీసు గ్రీవెన్సులో అర్జీ మీద సంతకాలు పెట్టి వచ్చినారు. ఆమె వచ్చే రోజు గూడా వాళ్ళకు ముందే తెలుసు. నాకు చెప్పలా. నా నోట్లో నువ్వుగింజ నానదంట. సరే, సంతకం కాడ నన్ను ఫూల్ చేసినారు, ఒప్పుకుంటా. కానీ ఆ ఫోన్ల ఆట మాత్రం నాది! అసలు తెలివి నాది!"

పాపను ఎత్తుకుని మా వెనకే నిలబడ్డ పిచ్చమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"అల్లుడూ, మీ మామను ఒకటి అడుగు. నేను ఆ బటన్ ఫోను వాడక ఏడాదైంది. దానికి ఛార్జింగు పెట్టి, రీచార్జి ఏపిచ్చి, బనీన్ల కింద దాసిపెట్టింది ఎవరంట?"