లోపలి గడియ

మా ఊరి హైస్కూలు మరుగుదొడ్డికి తలుపుంది గానీ గడియ లేదు. ఎమ్నా లోపల చేతులు సబ్బుతో కడుక్కుని గొట్టం పెట్టుకుంటుండగా సూపర్‌వైజరు తలుపు భళ్ళున తోసేశాడు.

"ఇంతసేపు ఏం వెలగబెడుతున్నావే? సిగరెట్టా?"

వరండా నిండా పిల్లలు. చూడాల్సినవాళ్ళూ చూడకూడనివాళ్ళూ అందరూ చూశారు. ఎమ్నా ఒక చేత్తో గొట్టం, ఇంకో చేత్తో గౌను పట్టుకుని అలాగే ఉండిపోయింది. తలుపు ముయ్యడానికి ఆమెకు మూడో చెయ్యి లేదు.

వెన్ను విచ్చుకుని పుట్టిన పిల్లలకు మెదడు నుంచి నడుము కిందికి కబుర్లు సరిగా అందవు. వేళకి సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో మూత్రం తీసెయ్యకపోతే లోపల కిడ్నీలు పాడవుతాయి. పుట్టినప్పట్నుంచీ ఆ పని తల్లులదే. ఎమ్నా మాత్రం అద్దం ముందు పెట్టుకుని, ఏడ్చి, తనను తాను తిట్టుకుని, చివరికి నేర్చుకుంది. ఆ రోజు వాళ్ళమ్మ మోంజియా పెళ్ళింట్లోలా నాలుక ఆడించి కేక పెడితే వీధంతా తలుపుల్లోకి వచ్చింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అందరికీ రొట్టె పంచింది.

అలాంటి పిల్లను పట్టుకుని హెడ్‌మాస్టరు, "వెంట తల్లినైనా పంపండి, లేదా ఇంట్లోనైనా ఉంచుకోండి" అన్నాడు.

అప్పుడు దిగాడు హెదీ. ఫాస్ఫేటు గనిలో పనిచేసినవాడు, సమ్మెలు నడిపినవాడు. కొడుకు నిజార్ కూడా ఇలాగే పుట్టి చక్రాల కుర్చీలో తిరుగుతుంటే, ఇలాంటి పిల్లల ఇళ్ళన్నీ కలిపి సంఘం పెట్టాడు. పిల్లలందరికీ హెదీ మామ అతను.

"గడియ! వేలెడంత ఇనప ముక్క!" అని మోంజియా ఇంట్లో బల్ల గుద్దాడు. "దానికి అర్జీలెందుకు? ఈ ఊళ్ళో దొరలకు ఒకే ఒక్క చెవి ఉంది. ఫాస్ఫేటు రైలు ఆగితేనే అది వింటుంది."

రైలు ఆపారు. పట్టాలకు అడ్డంగా చక్రాల కుర్చీలు, ఊతకర్రలు, వాటి వెనక తల్లులు. గని కార్మికుల పెళ్ళాలు రొట్టెల్లో హరీసా కారం పూసి తెచ్చిపెట్టారు. ఇంజను డ్రైవరు దిగొచ్చి, "నన్ను తిట్టకండమ్మా, నేనూ జీతగాణ్ణే" అని వాళ్ళ మధ్యే కూర్చుని టీ తాగాడు.

"తలుపు మాదే! గడియ మాదే!"

ఎమ్నా గొంతు బొంగురుపోయింది. జీవితంలో మొదటిసారి తన ఉచ్చ సంగతి ఊరంతా అరుస్తుంటే ఆమెకు సిగ్గు వెయ్యలేదు.

హెదీని కంపెనీ ఆఫీసులోకి పిలిచారు. బయటికొచ్చి పిడికిలెత్తి "గెలిచాం" అన్నాడు. అతని మాట మీద అందరూ పట్టాల మీంచి లేచారు. వివరాలు చెప్పడానికి యూనియన్ హాల్లో మీటింగు పెట్టాడు.

"పిల్లలు కాసేపు బయట ఉండండర్రా. పెద్దాళ్ళం మాట్లాడుకోవాలి."

నిజార్ గొణిగాడు. "మా సంగతేగా మాట్లాడేది?"

"మామ చెప్పాడుగా, పద" అని ఎమ్నాయే వాణ్ణి గదమాయించింది. చిన్నపిల్లల్ని పోగుచేసి బయటికి తీసుకొచ్చి, తలుపు తనే మూసింది. తర్వాత్తర్వాత ఆ తలుపు గుర్తొచ్చినప్పుడల్లా తన చేతుల్ని తనే చూసుకునేది.

వారం తిరిగేసరికి మోంజియా మంచం మీద కూతురి బట్టలు మడతపెడుతోంది.

"ఎక్కడికమ్మా?"

"ఊరి బయట కంపెనీ పాత క్లబ్బు లేదూ? దాన్ని మీ పిల్లలందరికీ ఇల్లుగా మార్చారు. నర్సులుంటారు, వేళకి తిండుంటుంది. హెదీ అన్నే డైరెక్టరు."

"మరి బడి? గడియ?"

"అక్కడ గడియలు పెట్టరట, ప్రమాదమని. నర్సే వేళకి వచ్చి గొట్టం పెడుతుంది."

"నా చేతులకేమొచ్చింది?"

మోంజియా మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెట్టింది. "రేపు నేను పోతే నిన్నెవరు చూస్తారే?"

"నన్ను నేను చూసుకోడానికే కదమ్మా పట్టాల మీద కూర్చుంది! ఆ రోజు హాల్లో దీనికి నువ్వూ చెయ్యెత్తావా?"

తల్లి తలొంచుకుని చొక్కా సంచీలో పెట్టింది. శత్రువు కొడితే మనిషి తిరగబడతాడు, తిరగబడటానికి ఒళ్ళు సిద్ధంగా ఉంటుంది. కన్నతల్లి వెనక నుంచి కొడితే ఎటు తిరగాలి? ఎమ్నాకు ఏడుపు కూడా రాలేదు.

ప్రారంభోత్సవానికి పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళారు. గేటు చూసి ఎమ్నా ఊతకర్రల మీద ఆగిపోయింది. గేటుకి, గోడలకి, కిటికీలకి గుత్తులు గుత్తులుగా రబ్బరు బుడగలు.

ఈ పిల్లలకు రబ్బరు పడదు. ఒంటికి తగిలినా, దాని పొడి పీల్చినా ఊపిరాడదు. ఈ ఇళ్ళల్లో పాకే వయసు నుంచీ తెలిసిన సంగతి. ఎమ్నా పక్కింటి చిన్నారి దుహా ఒక పెళ్ళిలో బుడగ పట్టుకుని మొహం వాచి నల్లబడిపోతే, చేతుల్లో ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది హెదీయే. ఆ తర్వాత ఏ పెళ్ళయినా ముందుగా వెళ్ళి బుడగలు దింపించేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు కొత్త కోటు తొడుక్కుని, బుడగల గుత్తి కింద నిలబడి నవ్వుతున్నాడు.

"మామా, అవి రబ్బరువి!"

"తెలుసమ్మా." నవ్వు చెదరలేదు, గొంతు మాత్రం తగ్గించాడు. "కంపెనీ అధికారిగారి భార్య ముచ్చటపడి కట్టించింది. ఫొటో అయ్యేదాకా ఓపిక పట్టండి. దగ్గరికి రాకండి."

"నాన్నా, నాకూ పడదు కదా" అన్నాడు నిజార్.

"నువ్వు వెనకాల ఉండరా!"

అప్పటిదాకా ఎమ్నా మనసులో ఎక్కడో ఓ మూల, మామ ఏదో ఎత్తు వేశాడేమో, తమ మేలు కోసమే నటిస్తున్నాడేమో అన్న ఆశ ఉండేది. అదీ పోయింది.

"తిప్పండి కుర్చీలు" అంది.

"ఎక్కడికి? పెద్దాళ్ళు లేకుండానే?" అన్నాడు నిజార్.

"మొన్న పెద్దాళ్ళతోనే కూర్చున్నాంగా. చూశాంగా ఏం మిగిలిందో."

క్లబ్బు దిబ్బ దిగితే పట్టాలే. కొందరు కుర్చీల్లో, కొందరు కర్రల మీద, దుహా నిజార్ ఒళ్ళో. అటు నుంచి వస్తున్న రైలు కూత పెట్టి, కీచుమంటూ ఆగింది. వెనకాలే పోలీసు జీపు వచ్చింది.

"ఎవరి పిల్లలు మీరు? మీ అమ్మలెక్కడ?" అని ఆఫీసరు కేకలేశాడు.

"నాకు పద్దెనిమిది దాటాయి. ఏదున్నా నాతో మాట్లాడు" అంది ఎమ్నా.

ఆఫీసరు అందర్నీ ఎత్తి జీపులో వెయ్యమన్నాడు. పోలీసులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎక్కడ పట్టుకుంటే ఎక్కడ విరుగుతారో వాళ్ళకు తెలియలేదు. ఈలోపు తల్లులు పరిగెత్తుకొచ్చారు. రొప్పుతూ హెదీ కూడా వచ్చాడు.

"మోంజియా! నీ కూతురికి చెప్పు. అంతా పాడుచేస్తోంది."

"గడియ అమ్ముకుని కోటు కొనుక్కున్నావు కదా మామా, ఇంకా పాడవడానికేముంది?" అంది ఎమ్నా.

దుహా ఆమె గౌను లాగింది. "అక్కా, వేళయింది."

మోంజియాకు వినపడింది. చేతిసంచీ తెరిచి, అలవాటుగా దుహా ముందు మోకాళ్ళ మీద కూర్చోబోయింది.

"వద్దమ్మా. అది చేసుకుంటుంది, నేను నేర్పాను. నువ్వు లే. లేచి అటు తిరుగు."

మోంజియా కూతురి వంక చూసింది. ఆ చూపులో హాల్లో ఎత్తిన చెయ్యి ఉంది. ఎమ్నా క్షమించానని అనలేదు, అనలేకపోయింది. నీళ్ళసీసా మూత తిప్పి దుహా చేతుల మీద పోసింది.

మోంజియా లేచింది. నెత్తి నుంచి మడమల దాకా కప్పుకున్న తెల్ల సఫ్సారి లాగేసి, రెండు చేతులా చాచి పట్టుకుని, పిల్లలకు వీపు చూపిస్తూ నిలబడింది. ఊరంత మంది మగాళ్ళ ముందు ఆమె తల మీద గుడ్డ లేకపోవడం అదే మొదలు. పక్కావిడా లాగింది. ఆ పక్కావిడా. తెల్లగుడ్డలు అంచుకు అంచు కలిసి పట్టాల మీద గోడ లేచింది.

"నిజార్, ఇవతలికి రా" అని హెదీ పిలిచాడు. నిజార్ కుర్చీ తిప్పుకుని, తండ్రికి వీపు పెట్టి, గోడలో సందున్న చోట అడ్డంగా ఆగాడు.

లోపల ఎమ్నా అద్దం పట్టుకుంది. గొట్టం ఒకసారి తప్పింది, దుహా మళ్ళీ పెట్టుకుంది.

"లాగెయ్యండి ఆ గుడ్డలు! అందర్నీ ఎక్కించండి!" అంటూ ఆఫీసరు ముందుకొచ్చి సఫ్సారి అంచు పట్టుకున్నాడు.

మోంజియా అతని మణికట్టు పట్టుకుంది.

"ఎక్కిస్తే ఎక్కించు, నేనూ వస్తా. ముందు చెయ్యి తియ్. తలుపేసుంది, కనపడ్డంలా? లోపల మనిషుంది."