ఉప్పునీళ్ళు

తన కాలు తనది కాదేమోనన్న అనుమానం బయ్యన్నకు ఆసుపత్రిలోనే మొదలైంది.

ఎడమ మోకాలి కింద లేచిన గడ్డను కోసి, చీము తీసి, కట్టు కట్టారు. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి మొదట కనిపించినవాడు పక్క మంచం మీది పాపన్న. గుత్తి దగ్గర రైలుకట్ట మీద కంకర కొట్టే మనిషి. దుప్పటి కింద అతని కుడికాలు పాదం దాకా ఎత్తుగా ఉంది. ఎడమవైపు మాత్రం తొడ దాటగానే దుప్పటి మంచానికి అతుక్కుపోయింది. అతనికీ ఇంత పుండుతోనే మొదలైందట. పాపన్న దాన్ని నవ్వుతూ చెప్పేవాడు. ఇకమీద ఒంటి చెప్పు అమ్మే అంగడి వెతుక్కోవాలనేవాడు. ఒకరోజు మాత్రం నవ్వకుండా ఒక మాట చెప్పాడు.

"లేని కాలికి వేళ్ళు జిలపెడతాండాయప్పా. గోక్కుందామని చెయ్యి పోతాది. ఆడ ఏమీ ఉండదు."

ఆ మాట బయ్యన్నలో దిగిపోయింది. అతను కళ్యాణదుర్గం అవతల ఒక చిన్న ఊళ్ళో కంబళ్ళు నేస్తాడు. మగ్గం గుంటలోకి రెండు కాళ్ళూ దించి, ఒకటి మార్చి ఒకటి తొక్కితేనే పని. ఒంటికాలితో నేసేవాణ్ణి అతను ఎక్కడా చూడలేదు.

ఇంటికి పంపే రోజు నర్సు కరుణమ్మ అచ్చుకాగితం ఒకటి పట్టుకుని వచ్చింది. ఆమెది గుంటూరు వైపు. కాగితంలో ఉన్నది చదివి, ఎట్లా చేయాలో నోటితో కూడా చెప్పింది. సరిగ్గా అప్పుడే పాపన్నకు కట్టు మారుస్తున్నారు. దుప్పటి తీసేశారు. బయ్యన్న చూపు అక్కడే ఆగిపోయింది. కరుణమ్మ పెదవులు కదులుతున్నట్టు తెలుస్తూనే ఉంది. అర్థమైందా అని ఆమె అడిగింది. తల ఊపాడు. భయపడినవాడికి తల ఊపడం కంటే సులువైన పని లేదు.

ఇంటికి వచ్చాక కాగితాన్ని తల్లి కదిరమ్మకు చదివి వినిపించాడు. ఆ ఇంట్లో అక్షరాలు వచ్చినవాడు అతనొక్కడే. "వ్రణమును ప్రతిదినము ఉప్పునీటితో కడుగవలెను. ఇతర జలము తగులనీయరాదు."

అందులో తెలియని మాట ఒక్కటీ లేదనిపించింది. ఆ ఊళ్ళో నీళ్ళు రెండు రకాలు. ఇళ్ళ పక్కన మెట్లబావిలో ఉన్నవి ఉప్పునీళ్ళు. గొడ్లకూ గుడ్డలకూ అవే. తాగేవి తీపినీళ్ళు. వాటికోసం ఎండిన వంకలోకి పోయి, వాగు ఇసకలో చెలమ తవ్వి, ఊరిందాన్ని చెంబుతో ముంచుకోవాలి. వానలు లేక ఆ ఏడు చెలమ మనిషి లోతుకు దిగిపోయింది. ఉప్పునీళ్ళంటే ఏమిటని ఆ ఊళ్ళో ఎవరూ ఎవరినీ అడగరు.

కదిరమ్మ అప్పటికే వేపాకు వేద్దామని తీపినీళ్ళు పొయ్యి మీద పెట్టింది. బయ్యన్న వద్దన్నాడు. కాగితం చూపించి, వేరే నీళ్ళు తగలకూడదని రాసి ఉందన్నాడు.

"రాసినోడు మన బాయి నీళ్ళు ఎప్పుడన్నా చూసినాడా నాయనా?" అంది కదిరమ్మ.

డాక్టర్ల కంటే నీకు ఎక్కువ తెలుసా అని కసిరాడు. ఆమె వేపాకు పక్కన పెట్టేసింది. కాచిన నీళ్ళు వృథా చేయకుండా సంగటికి వాడుకుంది.

అతను కాగితం చెప్పినదానికంటే ఎక్కువే కడిగాడు. పొద్దున, మధ్యాహ్నం, మళ్ళీ అనుమానం వస్తే మళ్ళీ. నీళ్ళు పడగానే భగ్గుమని మండేది. మంట పుడుతోందంటే పని చేస్తోందనుకున్నాడు. ఆరిన తర్వాత పుండు అంచున తెల్లటి పొర కట్టేది, బావి మెట్ల మీద కట్టినట్టే. అదీ మందే అనుకున్నాడు. వాసన మొదలైన రోజు మాత్రం ఏమీ అనుకోలేకపోయాడు.

కాగితం తప్పు చెప్పదు. కాబట్టి తప్పు తనలోనే ఉండాలి. తక్కువ కడుగుతున్నాడేమో. మనసు పెట్టి కడగడం లేదేమో. మళ్ళీ చదివేవాడు. చదివిన ప్రతిసారీ అవే అక్షరాలు, అంతే గట్టిగా, కదలకుండా కనిపించేవి. కదిలేది తన లోపల ఏదో.

మిట్టమధ్యాహ్నం ఊరంతా నీడల్లోకి ముడుచుకున్న వేళ, గోడకు ఆనుకుని కూర్చుని ఎడమకాలు మడిచి వెనక్కి పెట్టుకునేవాడు. మీద కంబళి కప్పి, మోకాలి దగ్గర నుంచి అరచేత్తో దాన్ని నేలకు అదిమేవాడు. ఆ వైపు కంబళి చదునుగా పరుచుకునేది. దాన్ని చూస్తూ ఉండిపోయేవాడు. ఎందుకు చూస్తున్నాడో అతనికే తెలియదు. రాబోయేదాన్ని ముందే చూస్తే అది రాదని లోపల ఎవరో చెబుతున్నట్టుండేది.

ఒకసారి కదిరమ్మ గడపలో నిలబడి అది చూసింది.

"ఏం చేస్తాండావురా?"

"ఏంలేదు. కాలు తిమ్మిరెక్కింది."

ఆమె నమ్మలేదు. కంబళి తీసి, కట్టు వాసన చూసింది. అతని ఒళ్ళు కాలిపోతోంది. మరుసటి పొద్దునే బస్సు దాకా పోవడానికి పక్కింటి నాగప్ప ఎద్దులబండి అడిగి కట్టించింది. బయ్యన్న ఎక్కనన్నాడు. ఎవరూ చూడనంతవరకూ కాలు ఉన్నట్టే. డాక్టరు చూశాడంటే లెక్క తేలిపోతుంది. ఆ మాట పైకి అనలేక, బస్సు దొరకదని, ఎండ ఎక్కువని, రేపు పోదామని సాకులు చెప్పాడు. కదిరమ్మ అతని చంకల కింద చేతులు వేసి బండిలోకి ఈడ్చింది.

ఆసుపత్రిలో పాపన్న మంచం మీద ఇంకెవరో ఉన్నారు. కరుణమ్మ కట్టు విప్పింది. ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు. అది చూసి అతనికి ఇంకా భయం వేసింది. దేంతో కడిగారని అడిగింది. కాగితంలో ఉన్నట్టే, ఉప్పునీళ్ళతోనే కడిగానన్నాడు.

"ఉప్పు ఎంత వేశారు?"

బయ్యన్నకు ప్రశ్న అర్థం కాలేదు. తల్లి వైపు చూశాడు.

"మేమెందుకు ఏస్తామమ్మా?" అంది కదిరమ్మ. "బాయిలోనే ఉండాది గదా."

కరుణమ్మ చేతిలోని పట్టకారు ఆగిపోయింది. ఏ బావి అని నెమ్మదిగా అడిగింది. కదిరమ్మ అంతా చెప్పింది, మెట్లు, గొడ్లు దిగడం, గుడ్డలు ఉతకడం. కరుణమ్మ పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఆమె కళ్ళలో భయాన్ని బయ్యన్న మొదటిసారి చూశాడు. ఇన్నాళ్ళూ తనలోనే ఉన్నది ఇప్పుడు బయట, ఇంకొకరి ముఖం మీద ఉంది. అంటే అది నిజమేనన్నమాట.

డాక్టరు వచ్చి చూశాడు. కుళ్ళిన కండ తీసేయాలన్నాడు. కాలు ఉంటుందా అని అడిగితే, తెరిచి చూస్తేగాని చెప్పలేనన్నాడు. ముక్కు మీద మత్తుమందు గుడ్డ పెట్టారు. తియ్యటి వాసన. అంతే.

మెలకువ వచ్చింది. కళ్ళు తెరవలేదు. ఎడమకాలి వేళ్ళు కదిపాడు. కదిలినట్టే అనిపించింది. బొటనవేలు జిలపెడుతోంది. ఒక్క క్షణం సంతోషం లాంటిది పొంగింది. వెంటనే పాపన్న గొంతు వినిపించింది. లేని కాలికే వేళ్ళు జిలపెడతాయి. ఒళ్ళు చెప్పే సాక్ష్యం ఇక పనికిరాదు. చెయ్యి చాచి తడుముకుందామనుకున్నాడు. చెయ్యి లేవలేదు. కళ్ళు గట్టిగా మూసుకునే పిలిచాడు.

"అమ్మా."

"ఈడే ఉండాను నాయనా."

"దుప్పటి యాడిదాకా ఎత్తుగా ఉండాది?"

ఆమెకు ఆ ప్రశ్న ఎందుకో తెలియాల్సిన అవసరం లేదు. కంబళిని నేలకు అదిమిన చెయ్యి ఆమె చూసింది.

"పాదం దాకా," అంది.

అప్పుడు కూడా అతను వెంటనే కళ్ళు తెరవలేదు.

మళ్ళీ ఇంటికి పంపే రోజు కరుణమ్మ కాగితం తేలేదు. మంచం ముందు స్టూలు వేసుకుని కూర్చుని, పుండు ఎట్లా కడగాలో ఈసారి మీరు చెప్పండి, నేను వింటానంది. బయ్యన్న పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా చెప్పాడు. తీపినీళ్ళు తేవాల. కుతకుత కాగబెట్టాల.

"తీపినీళ్ళంటే? చక్కెర వేసినవా?" ఆమె కంగారుగా అడిగింది.

కదిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత తాగే నీళ్ళమ్మా అని చెప్పింది. తల్లి నవ్వగా అతను చూసి చాలా రోజులైంది. కరుణమ్మ కూడా నవ్వింది. కానీ అప్పటినుంచీ అతను పలికిన ప్రతి మాట దగ్గరా ఆపి, అంటే ఏమిటని అడుగుతూ పోయింది.

ఇంట్లో కదిరమ్మ వంక నుంచి తెచ్చిన నీళ్ళు కాచి, ఉప్పు వేసి, చల్లార్చి అతని ముందు పెట్టింది. ఉప్పు కరిగిపోయింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. బావిలోవి కూడా ఇట్లాగే ఉంటాయి. బయ్యన్న చెంచాతో కొంచెం తీసి నాలుక మీద వేసుకున్నాడు. నమ్మకం కలగలేదు. చెంచాను తల్లికి ఇచ్చాడు.

"ఉప్పగా ఉండాదా?"

ఆమె చప్పరించి, ఉందని తల ఊపింది.

"ఏ ఉప్పు, అమ్మా?"

కదిరమ్మ అతని ముఖంలోకి చూసింది. కసరలేదు.

"నా చేత్తో ఏసినదే," అంది.

ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుని, కట్టు విప్పాడు.