వెన్నెల కడియం

మా ఆయన వడ్రంగి. మంచి ఉలి ఏదైనా చేతికొస్తే దానికి నూనె రాసి, గుడ్డలో చుట్టి, పనిముట్ల పెట్టె అడుగున దాచేస్తారు. పని మాత్రం అరిగిపోయిన ఉలితోనే. "మంచిది వాడితే పాడైపోదూ?" అంటారు. ఈ జబ్బుకు మందు లేదని పెళ్లైన కొత్తలోనే తెలుసుకుని నోరు మూసుకున్నాను.

ఏళ్ల తరబడి రంపం మిషను పక్కన నిలబడి ఆయన వినికిడి మందగించింది. డాక్టరమ్మ పరీక్షలు చేసి చెవి మిషను ఇచ్చింది. "పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా పెట్టుకోండి. అలవాటయ్యే కొద్దీ మాట తేటగా వినిపిస్తుంది" అని మరీ మరీ చెప్పింది. మా మహానుభావుడు దాన్ని కూడా ఉలిలాగే డబ్బాలో పెట్టి బీరువాలో దాచారు. ఏ చుట్టాలో వచ్చినప్పుడు బయటికి తీస్తారు, కాసేపు పెట్టుకుంటారు, "అబ్బ, ఒకటే రొద" అని మళ్లీ డబ్బాలో పడుకోబెడతారు.

దాంతో నా బతుకు అరుపులపాలైంది. "అన్నం తినండి" అని అరవొచ్చు. "గడియ పెట్టండి" అనీ అరవొచ్చు. కానీ "మీరు పక్కనుంటే నాకు బాగుంటుంది" అన్న మాటను ఒక్కసారి గొంతు చించుకుని అని చూడండి. పక్కింటివాళ్లు తగాదా తీర్చడానికి వచ్చేస్తారు. అందుకని మెల్లగా చెప్పుకోవలసిన మాటలన్నీ మానేశాను. ఆ లోటు నన్ను ఎంతగా తినేసేదో ఆయనకు తెలియదు.

మా అమ్మాయి టీవీకి తగిలించే ఆటల పెట్టె కొనిచ్చాక కొంచెం ప్రాణం లేచొచ్చింది. అందులో మాటలన్నీ తెర మీద అక్షరాలుగా పడతాయి కనక చెవులతో పని లేదు. ఆటలో ఆయన మాంత్రికుడు, నేను కత్తి పట్టిన వీరనారిని. సాయంత్రం ఆయన పని నుంచి రాగానే ఇద్దరం సోఫాలో చేరతాం. రాక్షసులను చంపుతున్నంతసేపూ మా మధ్య ఏ అడ్డూ ఉండదు.

ఒక గుహలో ఆయనకు వెన్నెల కడియం దొరికింది. చాలా అరుదైన వస్తువట. మాంత్రికుడి చేతికి తొడిగితే మంత్రబలం పెరుగుతుందట. ఆయన మొహం వెలిగిపోయింది. పోరు మొదలవగానే తొడుగుతారు, అయిపోగానే తీసి సంచిలో వేస్తారు. అంత కడియం ఉండీ, ఆ ఆటలో మడుగుకు కాపలా ఉండే సర్పం ఒకటి మమ్మల్ని రోజూ మట్టి కరిపిస్తూనే ఉంది.

నాకు ఒళ్లు మండి, ఒకరోజు ఆ సంచి తెరిచి కడియం బొమ్మ కింద ఉన్న చిన్న అక్షరాలు చదివాను. ఆయన కళ్లద్దాలు వెతుక్కునేలోగా నేనే చెవి దగ్గర అరిచాను.

"విడవకుండా తొడుక్కుంటేనే బలం పెరుగుతుందట! తీసిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుందట!"

"అరిగిపోదూ?"

"అరగదు! తీస్తేనే నష్టం!"

ఆయన తెల్లమొహం వేశారు. "అయితే ఇన్నాళ్లూ నేనే దాన్ని ఎదగనివ్వలేదన్నమాట."

చెవి మిషను సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. అరిచి చెబితే దెప్పినట్టుంటుందని మింగేశాను.

ఆ తర్వాత ఆయన కడియం తీయలేదు. ఊళ్లో తిరుగుతున్నా, చేపలు పడుతున్నా మాంత్రికుడి చేతికి అది ఉండాల్సిందే. రోజురోజుకీ మంత్రం వెలుగు పెరిగింది. చివరికి ఒక సాయంత్రం మాంత్రికుడు కర్ర ఎత్తగానే తెరంతా వెన్నెల కాసి, సర్పం కుప్పకూలింది. నేను ఎగిరి గంతేశాను. ఆయన మాత్రం లేచి బీరువా దగ్గరికి వెళ్లారు. డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"డాక్టరమ్మ చెప్పిందీ ఇదే కదూ?" అన్నారు నా మొహంలోకి చూడకుండా. "పెట్టు."

పెట్టాను.

మొదట్లో ఆయనకు ఇల్లంతా గోలే.

"ఈ ఫ్యాను ఇంత మోగుతుందా?"

"కొన్నప్పటి నుంచీ."

"చెప్పలేదే?"

"చెప్పాను."

గరిటె చప్పుడుకీ కుళాయి చప్పుడుకీ ఉలిక్కిపడేవారు. చెయ్యి చెవిదాకా వెళ్లేది, ఏదో గుర్తొచ్చినట్టు దిగిపోయేది. రంపం మిషను నడిపేటప్పుడూ పడుకునేటప్పుడూ తప్ప తీయలేదు. ఆ మొండితనం నాకు మొదటిసారి ముద్దొచ్చింది.

నిన్న సాయంత్రం ఆటలో ఆయన మాంత్రికుణ్ణి తిన్నగా గోతిలోకి నడిపించారు. అలవాటు కొద్దీ "శుద్ధ మొద్దు" అని గొణుక్కున్నాను.

"ఎవరు?" అన్నారు ఆయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఇన్నేళ్లూ ఆయన పక్కనే కూర్చుని ఏమేం గొణిగానో తలుచుకుంటే నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది. ఆయన వైపు తిరగలేదు. గొంతు పెంచలేదు.

"మీరు పక్కనుంటే నాకు బాగుంటుంది" అన్నాను.

మాంత్రికుడు గోతిలోనే నిలబడిపోయాడు.

"ఇంకోసారి అను."

"వినపడలేదా?"

"వినపడింది. మళ్లీ అను."

అన్నాను. నిన్న మేం ఒక్క రాక్షసుణ్ణి కూడా చంపలేదు.